గడియారాన్ని తిప్పిన పురుగు

మా చెల్లెలి పురిటికని న్యూజిలాండు వెళ్ళాను. నిజానికి వెళ్ళవలసింది మా అమ్మ. తీరా సమయానికి ఆవిడకు మోకాళ్ళ నొప్పులు తిరగబెట్టాయి. "నేనెక్కడ అంతసేపు విమానంలో కూర్చోగలనే తల్లీ! నువ్వు వెళ్ళు. ఎలాగూ ఇంట్లో కూర్చుని రాసుకునేదానివేగా" అంది.

ఇంట్లో కూర్చుని రాసుకోవడమంటే పనీపాటా లేకుండా ఉండడమని మా వాళ్ళందరి ఉద్దేశం. పదిహేనేళ్ళుగా నవలలు రాస్తున్నాను. వరసగా రెండు గంటలు కూర్చుని రాసిన పాపాన ఎన్నడూ పోలేదు. కుక్కరు రెండో కూతకీ మూడో కూతకీ మధ్య ఒక పేరా, పాలు పొంగేలోపు ఒక సంభాషణ. ఇలా సాగుతోంది నా సాహిత్యసేవ. "మీ నవలల్లో అధ్యాయాలు చిన్నచిన్నవిగా భలే ఉంటాయండీ" అని ఒక పాఠకురాలు మెచ్చుకుంటే, అది నా గొప్ప కాదమ్మా, మా కుక్కరు గొప్ప అని చెప్పలేక ఊరుకున్నాను.

సరే, వెళ్ళాను. వెల్లింగ్టను ఊరంతా కొండలు, సముద్రం, గాలి. గాలంటే అలాంటిలాంటి గాలి కాదు. ఆరేసిన బట్టలు పక్కవాళ్ళ పెరట్లో వెతుక్కోవాలి. మార్చి నెలలో మా చెల్లెలికి పండులాంటి ఆడపిల్ల పుట్టింది. పిల్లకు నలుగు, తల్లికి కాయం అన్నీ పద్ధతి ప్రకారం జరిపించాను. సాంబ్రాణి పొగ ఒక్కటే కుదరలేదు. పొగ వేస్తే ఇంట్లో అలారం మోగి నానా గోలా అవుతుందని మా మరిది రెండు చేతులూ జోడించాడు.

అసలు కథ ఏప్రిల్ మొదటి ఆదివారం నాడు మొదలైంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి వంటింట్లో గోడ గడియారం చూద్దును కదా, ఆరు! అమ్మో, పొద్దెక్కిపోయిందనుకుని గబగబా నీళ్ళు కాచి, పథ్యం వంట మొదలుపెట్టి, చెల్లెల్ని లేపాను.

"అక్కా, ఐదే అయింది. పడుకోనీ" అంది కళ్ళు తెరవకుండానే.

"ఐదేమిటే, గోడ మీద ఆరు కొట్టింది!"

"ఆ గడియారం ఎవరూ తిప్పలేదులే. రాత్రి మూడింటికి టైము ఒక గంట వెనక్కి వెళ్ళింది" అని దుప్పటి ముసుగేసుకుంది.

టైము వెనక్కి వెళ్ళడమేమిటో చెప్పకుండా పడుకుంటే నాకెలా ఉంటుందో మీరే చెప్పండి! వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళు కాగిపోయాయి. పథ్యం వంట సగమయింది. అందరూ నిద్రపోతున్నారు. ఎవరికీ నాతో పనిలేని ఒక గంట, అడగకుండానే నా ఒళ్ళో వచ్చి పడింది. అలా పడ్డ గంట ఎన్నేళ్ళ కిందటిదో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు.

మా మరిది లేచాక విషయం చెప్పాడు. ఆ దేశంలో సెప్టెంబరు ఆఖరి ఆదివారం నాడు గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు. మనకు ఎండాకాలం అయిపోయాక వాళ్ళకు ఎండాకాలం వస్తుంది కదా, అందుకని. తిరిగి ఏప్రిల్ మొదటి ఆదివారం నాడు వెనక్కి తిప్పుతారు. దీనివల్ల వేసవిలో ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక కూడా బోలెడు వెలుతురు మిగులుతుంది. నిన్నటిదాకా మనకూ వాళ్ళకూ ఏడున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి ఆరున్నర.

మా అమ్మమ్మ చెప్పిన కబురు ఒకటి నాకు చటుక్కున గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలోనూ ఇలా చేశారు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా గడియారం గంట ముందుకు నడిచింది. "పెళ్ళి ముహూర్తం అనుకుంటే, పాత టైమా కొత్త టైమా అని పురోహితుణ్ణి ముందు అడిగేవాళ్ళమే" అని చెప్పి నవ్వేది అమ్మమ్మ. కానీ అది యుద్ధం కోసం వచ్చి, యుద్ధంతో పోయింది.

"అసలీ తిప్పుడు వ్యవహారం ఎవరు మొదలెట్టారయ్యా?" అన్నాను.

"మా ఊరి పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన వదినా. పురుగులు పట్టుకోడానికి వెలుతురు చాలడం లేదని గడియారం తిప్పమన్నాడు" అన్నాడు మా మరిది.

నవ్వుతాలుకు అంటున్నాడనుకున్నాను. కాదు, నిజమే.

ఆయన పేరు జార్జ్ వెర్నన్ హడ్సన్. 1867లో లండనులో పుట్టాడు. చిన్నతనం నుంచీ పురుగుల పిచ్చి. మన ఇళ్ళలో పిల్లవాడు పురుగుల్ని పోగేస్తే వీపు విమానం మోత మోగుతుంది. ఈ పిల్లవాడికి పధ్నాలుగేళ్ళు వచ్చేసరికే ఇంగ్లండు పురుగుల మీద ఒక పత్రికలో వ్యాసం అచ్చయింది. 1881లో తండ్రితో కలిసి న్యూజిలాండు వచ్చాడు. 1883లో, పదహారేళ్ళ వయసులో వెల్లింగ్టను పోస్టాఫీసులో గుమాస్తాగా చేరాడు. 1918లో రిటైరయ్యేదాకా ముప్ఫైఐదేళ్ళు అదే ఉద్యోగం. కాలేజీ మొహం చూసినవాడు కాదు, ప్రొఫెసరు కాదు. జీతం తపాలా శాఖది, ప్రాణం పురుగులది.

ఆ ఉద్యోగంలో షిఫ్టులుండేవి. డ్యూటీ లేని పగటి వేళల్లో వల భుజాన వేసుకుని కొండల్లోకి పోయేవాడు. ఆ తీరిక రుచి మరిగాక, పని ముగిసిన తర్వాత మిగిలే వెలుతురు ఎంత విలువైనదో ఆయనకు తెలిసింది. జనమంతా తెల్లవారాక చాలాసేపు నిద్రపోయి బంగారంలాంటి వెలుతురు వృథా చేసి, రాత్రి దీపాలు పెట్టుకుని కూర్చుంటున్నారే అనిపించింది. వేసవిలో గడియారాన్ని రెండు గంటలు ముందుకు తోస్తే పోలేదా?

1895 అక్టోబరులో వెల్లింగ్టను ఫిలసాఫికల్ సొసైటీ సభలో లేచి ఈ మాటే వ్యాసంగా చదివాడు. పెద్దలు ఊరుకుంటారా? గంటలకు వేరే పేర్లు పెట్టినంత మాత్రాన కాలం మారుతుందా అన్నారొకరు. వేల ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతిని మార్చడం కుదిరే పని కాదన్నారు. ఇంత ఆధునికమైన ఏర్పాటుకు మన సమాజం ఇంకా ఎదగలేదన్నారు మరొకరు. తమాషా ఏమిటంటే, గట్టిగా అడ్డం తిరిగిన మాస్కెల్ అనే పెద్దమనిషి కూడా పురుగుల శాస్త్రజ్ఞుడే. ఏ కులానికి ఆ కులమే శత్రువంటారే, అలాగన్నమాట.

హడ్సన్ చిన్నబుచ్చుకోలేదు. 1898లో అదే విషయం మీద మళ్ళీ రాశాడు. సాయంత్రం వెలుతురుంటే జనం క్రికెట్ ఆడుకోవచ్చు, తోటపని చేసుకోవచ్చు, సైకిలు తొక్కుకోవచ్చు, ఇంకా ఆరుబయట ఇష్టమైన పనేదైనా చేసుకోవచ్చునన్నాడు. ఇది చదివి నాకు నవ్వాగలేదు. ఆ చివరి "ఇష్టమైన పనేదైనా" అన్నదాంట్లో తన పురుగుల్ని ఎంత జాగ్రత్తగా దాచిపెట్టాడో చూడండి! పురుగుల కోసం గడియారం తిప్పండంటే ఎవరు వింటారు? క్రికెట్ కోసమంటే ఆలోచిస్తారు. మనకు చీర కావలసినప్పుడు, "పెళ్ళికి వెళ్తే మీ పరువు దక్కాలి కదండీ" అంటామే, అలాంటిదే ఇది.

ఇంతకీ ఆయన అంతగా వెంటపడిన ఆ పురుగులేమిటి?

మన కావ్యాల్లో శలభం అంటారే, దీపం చుట్టూ తిరిగి దీపంలోనే పడి చచ్చేది, అదీ. పాఠ్యపుస్తకంలో చిమ్మట అని రాస్తారు. ఇంట్లో మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే పేరు: పురుగు. కొట్టడానికి ఒకటే ఆయుధం: చీపురు. న్యూజిలాండులో సీతాకోకచిలుకలు బాగా తక్కువ. శలభాలు మాత్రం 1800 రకాల దాకా ఉన్నాయట. వాటిలో అత్యధిక భాగం ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించవు. ఆ దీవులు ఎనిమిది కోట్ల ఏళ్ళ కిందటే పెద్ద భూఖండం నుంచి విడిపోయి సముద్రంలో ఒంటరిగా ఉండిపోయాయి. అక్కడి జీవాలు తమ దారిన తాము మారాయి. ఎగరలేని కివీ పక్షి గురించి అందరికీ తెలుసు. ఎగరగలిగిన ఈ చిన్న ప్రాణుల గురించి ఎవరికీ పట్టదు.

అందులో ఒకదాన్ని నేను నా కళ్ళతో చూశాను. చూశాననే కంటే చూడలేకపోయాను అనడం న్యాయం.

మా చెల్లెలి ఇంటి పెరట్లో ఒక చెట్టుంది. తాటి మోదుకు మొగలి రేకుల కట్ట అతికించినట్టుంటుంది. మావోరీలు దాన్ని టీ కౌకా అంటారు. వాళ్ళకది కల్పవృక్షం. దుంపనూ మానునూ గోతి పొయ్యిల్లో కాల్చి తియ్యటి ఆహారం తీసేవాళ్ళు, ఆకు నారతో తాళ్ళు పేనేవాళ్ళు. తర్వాత వచ్చిన తెల్లవాళ్ళు లేత మొవ్వును కూరగా వండుకుని, క్యాబేజీ చెట్టు అని పేరు పెట్టేశారు. ఆ పేరే స్థిరపడింది. మా చెల్లెలి చెట్టుకున్న ఆకుల నిండా బెజ్జాలు, అంచుల వెంట గండ్లు. చూస్తూ ఊరుకోలేక, "మందు కొట్టించవే, పురుగు తినేస్తోంది" అన్నాను.

పక్కింటి ముసలావిడ ఆ మాట అర్థం కాకపోయినా, నా వేలు చూసి గ్రహించింది. గోడ దగ్గరికి రమ్మని, చెట్టు కింద లంగాలా వేలాడుతున్న ఎండుటాకుల్ని చూపించింది. "చూడు" అన్నది. చూశాను. ఎండుటాకు. "బాగా చూడు" అంది. ఇంకా ఎండుటాకే. ఆవిడ వేలితో ఆకును సుతారంగా తట్టింది. ఆకులోంచి ఒక ముక్క లేచి ఎగిరిపోయింది!

అదే క్యాబేజీ చెట్టు శలభం. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదేమో. ఎండుగడ్డి రంగు. రెక్కల మీద స్కేలు పెట్టి గీసినట్టు సన్నటి చారలు. ఎండుటాకు మీద ఈనెలు ఎలా పోతాయో చూసుకుని, తన చారలు సరిగ్గా ఆ ఈనెల్లో కలిసేలా ఒళ్ళు తిప్పుకుని కూర్చుంటుంది. చీర అంచుకు జాకెట్టు అంచు కలవడానికి మనం కొట్టు కొట్టూ తిరుగుతామే, అది పుట్టుకతోనే కలుపుకుంటుంది. పచ్చటి ఆకు మధ్యలో ఇంకా విచ్చుకోని మొవ్వు మొదట్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ఆ ఆకు తిని పెరుగుతుంది. నేను మందు కొట్టించమన్నది దాన్నే.

దానికి ఆ చెట్టే పుట్టిల్లూ అత్తిల్లూ. 1987 ప్రాంతంలో ఉత్తర దీవిలో ఈ చెట్లు ఉన్నట్టుండి నిలువునా ఎండిపోవడం మొదలైంది. రసం పీల్చే ఒక కీటకం ద్వారా పాకే సూక్ష్మజీవి అందుకు కారణమని తర్వాత తేలింది. ఎన్నో చెట్లు పోయాయి, కానీ జాతి మిగిలింది. చెట్టుతోపాటు దాన్ని నమ్ముకున్న ఈ చిన్న ప్రాణీ మిగిలింది. ఆ చెట్టే పోయి ఉంటే, ఎండుటాకుకు సరిపోయే చారలు పెట్టుకుని ఇది ఎక్కడికి పోయేది?

హడ్సన్ ఇలాంటివాటి కోసమే సాయంత్రాలు ఖర్చుపెట్టాడు. ఒక్కొక్క రకాన్నీ పట్టి, పేరు రాసి పెట్టి, భూతద్దం కింద చూసి స్వయంగా రంగుల్లో బొమ్మ వేశాడు. 1898లో ఆయన రాసిన న్యూజిలాండు శలభాల పుస్తకం లండనులో అచ్చయింది. ఆ పుస్తకం ఇప్పుడు ఫోనులోనే చదువుకోవచ్చు. పిల్లకు పాలిచ్చి పడుకోబెట్టాక నేనూ మా చెల్లెలూ తలకాయలు ఆనించుకుని ఆ బొమ్మలు చూశాం. మా పెరటి పురుగు కూడా ఉంది అందులో. నూట పాతికేళ్ళ కింద ఎవరో గుమాస్తా దాని మీద అంత ఓపిక పెట్టాడంటే, మందు కొట్టించమన్న నాకు కాస్త సిగ్గేసింది.

ఆ రోజుల్లో ఈ శలభాలకు పేర్లు పెట్టడంలో ఇంకో ఘనుడున్నాడు, ఎడ్వర్డ్ మేరిక్ అని. ఆయన కూడా ఇంకో రకం గుమాస్తాయే, బడిపంతులు. బళ్ళో పాఠాలు చెబుతూనే వేలకొద్దీ చిన్న శలభాలకు పేర్లు పెట్టాడు. మన దేశపు చిన్న శలభాల్లోనూ వందలకొద్దీ ఆయన నామకరణం చేసినవే. బీహారులోని పూసాలో ఉన్న వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి పెట్టెలు కట్టి ఇంగ్లండులో ఆయనకు పంపించేవారు. ఈ శాస్త్రమంతా ఇలా బడి అయ్యాక, ఆఫీసు అయ్యాక పెరిగిందే.

మరి గడియారం సంగతేమయింది? ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే ఇళ్ళ కాంట్రాక్టరుకు, హడ్సన్‌తో సంబంధం లేకుండా ఇదే ఆలోచన వచ్చింది. 1907లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి పంచాడు. ఆయన్నీ నవ్వారు. 1915లో ఆయన పోయాడు. ఆ మరుసటేడే యుద్ధంలో బొగ్గు ఆదా కోసం ముందు జర్మనీ, వెనకాలే ఇంగ్లండు గడియారాలు తిప్పాయి. మంచి మాట మంచి మాటగా చెబితే ఎవరూ వినరు. యుద్ధం వచ్చి చెబితే వింటారు.

న్యూజిలాండు పార్లమెంటులో థామస్ సైడీ అనే సభ్యుడు 1909 నుంచి దాదాపు ప్రతి ఏడూ ఇదే బిల్లు పెడుతూ వచ్చాడు. పట్టు విడవని మనిషి. మొత్తానికి 1927లో చట్టమయింది. గడియారం గంట ముందుకు నడిచింది. వెంటనే పాడి రైతులు గగ్గోలు పెట్టారు. ఆవుకు గడియారం చూపించి పాలిమ్మంటే ఇస్తుందా? మరుసటేడు ఆ గంటను అరగంటకు తగ్గించారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ అరగంటను ఏడాది పొడుగునా ఉంచి, 1946 నుంచి శాశ్వతం చేశారు. ఆ 1946 ఏప్రిల్‌లోనే హడ్సన్ కన్ను మూశాడు. రెండు గంటలు అడిగినవాడికి అరగంట మిగిలింది. పూర్తి గంట వేసవి టైము మళ్ళీ 1974లో వచ్చింది.

అయితే బతికుండగా ఒక మర్యాద జరిగింది. 1927 చట్టానికి గుర్తుగా సైడీ పేరున వెలసిన పతకాన్ని మొట్టమొదట 1933లో ఇద్దరికి ఇచ్చారు. ఒకరు పరమాణువు గుట్టు విప్పి నోబెల్ బహుమతి పొందిన రూథర్‌ఫర్డ్. రెండోవారు రిటైరైన మన పోస్టాఫీసు గుమాస్తా.

దీనికి కొసరు కూడా ఉంది వినండి. మా మరిది పర్సులోంచి వంద డాలర్ల నోటు తీసి చూపించాడు. ముందువైపు రూథర్‌ఫర్డ్ బొమ్మ. వెనకవైపు మోహువా అనే పసుపుపచ్చ పిట్ట, దానితోపాటు ఒక శలభం! దక్షిణ దీవి లైకెన్ శలభం అంటారట. చెట్ల బెరడు మీద పాచిలో కలిసిపోయేలాంటి నలుపు తెలుపుల అల్లిక దాని రెక్కల మీద. అది కూడా ఆ దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. నోటు మీద హడ్సన్ బొమ్మ లేదు. ఫరవాలేదు, ఆయన తరఫున పురుగు ఉంది.

ఇంతవరకూ వినగానే మీకు ఒక ప్రశ్న వచ్చి ఉండాలి. నాకైతే మొదటి రోజే వచ్చింది. ఆయన వల తీసుకుని కొండెక్కినప్పుడు ఇంట్లో వంట ఎవరు చేశారు?

ఆయన భార్య పేరు ఫ్లారెన్స్. వెల్లింగ్టను కొండల్లో కరోరీ అనే చోట కాపురం. వాళ్ళకు ఒక్కతే కూతురు, స్టెల్లా. ఈ స్టెల్లా తండ్రి వెంట పురుగుల వేటకు వెళ్ళేది. స్టెల్లా కొడుకు జార్జ్ గిబ్స్ పెద్ద కీటక శాస్త్రవేత్త అయ్యాడు. నాచులోనూ తడి మొక్కల మీదా బతికే మరీ బుల్లి శలభాలున్నాయి, సబటింకా అని. మిగతా శలభాల్లా తొండంతో తేనె పీల్చడం వీటికి తెలియదు. నోటితో నమిలి తినే పాతకాలపు జాతి. వాటి మీదే పరిశోధన చేసి, కొత్త రకాలకు పేర్లు పెట్టి, 2014లో పెద్ద గ్రంథం తెచ్చాడు. 2020లో తాతగారి జీవిత చరిత్ర కూడా రాశాడు. హడ్సన్ పోగుచేసిన పురుగుల పెట్టెలు ఇప్పుడు వెల్లింగ్టనులోని టె పాపా మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. తాత పిచ్చి మనవడికి వృత్తి అయింది. మధ్యలో ఆ దారం తెగకుండా పట్టుకున్నది ఒక ఆడపిల్ల.

ఫ్లారెన్స్ గురించి మాత్రం నా ఆలోచన తెగలేదు. సాయంత్రం గంట వెలుతురు ఎక్కువైతే క్రికెట్ ఆడేవాళ్ళకు ఆట, తోట ఉన్నవాళ్ళకు తోట. ఇల్లాలికి? "అక్కా, వేసవిలో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది. పక్కింటి పిల్లలు పొద్దు పోలేదని నిద్రపోరు. వాళ్ళమ్మ వాళ్ళ వెంట పరిగెడుతూనే ఉంటుంది" అని మా చెల్లెలు చెప్పింది. ఆవుకూ పసిపిల్లకూ గడియారం లేదు. ఆ రెంటినీ సాకేవాళ్ళకు గంట కలిసొచ్చేదేముంది!

కానీ హడ్సన్ మీద నాకు కోపం రాలేదు. ఆయన దగ్గర నేర్చుకోవలసిందొకటి ఉంది. తీరిక అనేది పనులన్నీ అయ్యాక అడుగున మిగిలేది అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. గిన్నె అడుగున మాడుచెక్కలాగా. ఆ మనిషి అలా అనుకోలేదు. నాకు ఇంత వెలుతురు కావాలి అని సభలో నిలబడి అడిగాడు. నవ్వారు. మళ్ళీ అడిగాడు. ఆయన అడిగింది తన కోసమే. దేశమంతటికీ దక్కింది. నేను నా పదిహేనేళ్ళ సాహిత్య జీవితంలో మా ఇంట్లో నలుగురి ముందు నిలబడి ఒక్క గంట కావాలని ఎన్నడైనా అడిగానా? లేదు. అడగకుండా సణిగాను.

బయలుదేరే ముందు మా మరిది ఇంకొక కబురు చెప్పాడు. ఫ్రాస్టెడ్ ఫీనిక్స్ అనే శలభం ఒకటి, మంచు చల్లినట్టుంటుంది. మేరిక్ 1888లో దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత చేతివేళ్ళ మీద లెక్కించగలిగినన్నిసార్లే అది దొరికింది. 1959 తర్వాత ఎవరి కంటా పడలేదు. ఎందరో లైట్లు పెట్టుకుని వెతికారు. అంతరించిపోయి ఉంటుందనుకున్నారు. 2024లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక యాత్రికుడు దక్షిణాన స్టీవర్ట్ దీవిలో దిగాడు. బసలో దీపం దగ్గర వాలిన పురుగుల్ని సరదాగా ఫొటోలు తీసి, అందరూ చూసేలా పెట్టాడు. అందులో ఒకటి అదే! అరవైఐదేళ్ళ తర్వాత. అది అన్నేళ్ళూ అక్కడే ఎక్కడో ఉంది. ఒక మనిషి కాసేపు ఆగి చూసేదాకా ఎవరికీ లేదు, అంతే.

ఇంటికి తిరిగొచ్చిన వారానికి రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను. "రేపటి నుంచి సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటి దాకా నన్నెవరూ పిలవకండి."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. "ఎందుకూ?"

"రాసుకుంటాను."

"గడియారం గంట ముందుకు తిప్పమంటావా ఏమిటి?" అన్నారు నవ్వుతూ. న్యూజిలాండు కబుర్లు అప్పటికే నాలుగుసార్లు విన్నారు మరి.

"అక్కర్లేదు. ఆ కాఫీ ఏదో మీరే కలుపుకుంటే చాలు."

మొదటి రోజు మా అత్తగారు ఐదుసార్లు తలుపు తీసి, "నిన్ను పిలవడానికి కాదులే అమ్మాయ్, ఊరికే చూద్దామని" అన్నారు. రెండో రోజు మూడుసార్లు. మూడో రోజు మా ఆయన పాలు పొంగించి పొయ్యంతా పోశారు. వాసన తెలుస్తూనే ఉంది, లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. వాళ్ళ మాస్కెళ్ళను వాళ్ళు ఎదుర్కొన్నారు, నా మాస్కెళ్ళను నేనెదుర్కోవద్దూ!

నిన్న ఆ గంటలోనే, ట్యూబులైటు పక్కన గోడ మీద ఒక పురుగు వాలింది. బూడిద రంగు, రెక్కల మీద రెండు వంకర గీతలు. మా అబ్బాయి పుస్తకం కోసం వచ్చి చూశాడు.

"అమ్మా, పురుగు! చీపురు తేనా?" అన్నాడు.

"ఆగరా" అన్నాను. "ముందు ఆ భూతద్దం పట్రా. అదేమిటో చూద్దాం."